రెండు సర్వర్ల మధ్య ఫైళ్లు నేరుగా పంపడం ఎలా: కీ పెట్టడం నుంచి పాత సర్వర్ ఆపేసే దాకా

పాత సర్వర్ ముంబైలో ఉంది, కొత్తది బెంగళూరులో తీసుకున్నాం, 200 జీబీ ఫోటోలు ఎలా మార్చాలి? ఈమధ్య ఈ ప్రశ్న బాగా వస్తోంది. అనంతపురంలో పెళ్లి ఆల్బమ్‌లు ఆన్‌లైన్‌లో పెట్టే స్టూడియోల వాళ్లు అడుగుతున్నారు, కర్నూలులో స్కూళ్లకీ కాలేజీలకీ సైట్లు చూసిపెట్టే కుర్రాళ్లు అడుగుతున్నారు, మా కడప సంగతైతే చెప్పనక్కర్లేదు. దాదాపు అందరూ చేసేది ఒకటే. పాత సర్వర్ నుంచి లాప్‌టాప్‌లోకి దించుకుంటారు, మళ్లీ కొత్త సర్వర్‌కి ఎక్కిస్తారు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోవాల్సిన సరుకుని కడపకి తెచ్చి, దించి, మళ్లీ లారీ ఎక్కించినట్టుంటుంది ఆ పని.

లెక్క వేసుకోండి. ఇంటి ఇంటర్నెట్‌లో అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ వస్తే 200 జీబీ ఎక్కడానికి 22 గంటల పైనే పడుతుంది. దించుకోవడానికి పట్టే టైమ్ ఇందులో కలపలేదు, మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి రౌటర్ ఆగిపోవడమూ కలపలేదు. అదే రెండు సర్వర్ల మధ్య 500 ఎంబీపీఎస్ వచ్చినా చాలు, గంటలోపు అయిపోతుంది.

రెండూ లైనక్స్ సర్వర్లు, ఉబుంటు గానీ డెబియన్ గానీ అనుకుని రాస్తున్నాను. కమాండ్లు ఫోన్లో చెప్పే పద్ధతిలో రాశాను, చాలామంది మొబైల్లో చదువుతూ పక్కన టెర్మినల్లో కొడతారు కాబట్టి. టైప్ చేసేది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే. పెద్ద ఏ అంటే క్యాపిటల్ లెటర్, చిన్న ఏ అంటే స్మాల్ లెటర్.

## 1. మీ ఫైళ్లు ఇప్పుడు ఏ దారిన పోతున్నాయో చూడండి

ఫైల్‌జిల్లా అనే ఫైళ్లు పంపే ప్రోగ్రామ్‌లో రెండు ట్యాబులు తెరిచి ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి లాగుదామంటే కుదరదు, దానికి ఆ సౌకర్యమే లేదు. కాబట్టి అక్కడ మోసపోయే ప్రమాదం లేదు. మోసపోయేది ఎస్‌సీపీ (ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి ఫైళ్లు కాపీ చేసే కమాండ్) దగ్గర.

ఎస్‌సీపీ కమాండ్‌కి రెండు రిమోట్ అడ్రస్‌లు ఇస్తే చక్కగా పని చేస్తుంది, మీరు కూడా నేరుగా పోతున్నాయనే అనుకుంటారు. సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ అవ్వడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్‌తో పాటే ఎస్‌సీపీ వస్తుంది. కానీ 2021లో వచ్చిన ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ 8.7 నుంచి దాని పద్ధతి మారింది. రెండు వైపులా రిమోట్ అయితే డేటా మొత్తం కమాండ్ కొట్టిన మెషీన్ గుండానే పోతుంది, అంటే మీ లాప్‌టాప్ గుండా. అంతకుముందు వెర్షన్లలో ఇలా పోవాలంటే మనమే హైఫన్ 3 పెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు నేరుగా పోవాలంటే హైఫన్ పెద్ద ఆర్ పెట్టాలి, పైగా పాత సర్వర్ దగ్గర కొత్త సర్వర్‌లోకి లాగిన్ అయ్యే కీ (పాస్‌వర్డ్ బదులు వాడే రహస్య ఫైల్) ఉండాలి.

అనుమానం ఉంటే కాపీ నడుస్తుండగా లాప్‌టాప్‌లో నెట్‌వర్క్ గ్రాఫ్ తెరవండి. అది ఎగురుతుంటే ఫైళ్లు మీ ఇంటికొచ్చి పోతున్నట్టే.

నా మాట అడిగితే ఇంత పెద్ద పనికి ఎస్‌సీపీ వద్దు. మధ్యలో తెగితే ఆగిన చోటి నుంచి అందుకోవడం దానికి రాదు. ఆర్‌సింక్ వాడండి, రెండు చోట్లా ఫైళ్లు పోల్చి తేడా ఉన్నవే తెచ్చే కమాండ్ అది. ఆర్‌సింక్‌కి రెండు రిమోట్ అడ్రస్‌లు ఇస్తే, మూలమూ గమ్యమూ రెండూ రిమోట్ కాకూడదని మొహం మీదే చెప్పి ఆగిపోతుంది. అందుకని ఏదో ఒక సర్వర్‌లోకి లాగిన్ అయి అక్కడి నుంచి నడపాలి. ఆ పని కోసమే ఈ గైడ్.

## 2. కమాండ్ జోలికి వెళ్లేముందు

☐ పాత సర్వర్‌లో ఫోల్డర్ సైజు చూడండి: డీయూ, హైఫన్ ఎస్ హెచ్, ఫోల్డర్ పేరు.

☐ కొత్త సర్వర్‌లో ఖాళీ చూడండి: డీఎఫ్, హైఫన్ హెచ్. సరిపడా ఉందని వదిలేయకుండా డీఎఫ్, హైఫన్ ఐ కూడా కొట్టండి. చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే జీబీలు మిగిలి ఉండగానే ఐనోడ్‌లు (డిస్కులో ఒక్కో ఫైల్‌కి ఒకటి చొప్పున ఖర్చయ్యే నమోదులు) అయిపోతాయి. అప్పుడు డిస్కులో చోటు లేదని ఎర్రర్ వస్తుంది, డీఎఫ్ చూస్తే సగం ఖాళీగా కనబడుతుంది, ఎక్కడ తప్పో అర్థం కాక జుట్టు పీక్కోవాలి.

☐ రెండు వైపులా ఆర్‌సింక్ ఇన్‌స్టాల్ అయి ఉండాలి. ఒక వైపే ఉంటే చాలదు.

☐ పాత సర్వర్ ఎస్‌ఎస్‌హెచ్ పోర్టు కొత్త సర్వర్ ఐపీకి తెరిచి ఉందా? మామూలుగా 22. సర్వర్ లోపలి ఫైర్‌వాల్ ఒక్కటే చూస్తే సరిపోదు, క్లౌడ్ ప్యానెల్‌లో సెక్యూరిటీ గ్రూప్ కూడా చూడాలి.

☐ రెండు సర్వర్లూ ఒకే కంపెనీ దగ్గర, ఒకే రీజియన్‌లో ఉంటే ప్రైవేట్ ఐపీ వాడండి. వేగంగా పోతుంది, చాలాచోట్ల బిల్లూ పడదు.

☐ బిల్లు. క్లౌడ్ కంపెనీలు సాధారణంగా లోపలికొచ్చే డేటాకి డబ్బు తీసుకోవు, బయటికి పోయేదానికి తీసుకుంటాయి. అంటే బిల్లు పాత సర్వర్ ఖాతాలో పడుతుంది. అమెజాన్‌లో నెలకు మొదటి 100 జీబీ ఉచితం, ఆపైన లెక్క కడతారు. 200 జీబీ మార్చి పెడతానని ఎవరికైనా రేటు చెప్పేముందు ఈ సంగతి చూసుకోండి.

☐ ఫైళ్లకి ఓనర్లుగా ఉన్న యూజర్లు అదే పేర్లతో కొత్త సర్వర్‌లో ముందే ఉండాలి. ఆర్‌సింక్ పేరుని బట్టి ఓనర్‌ని కలుపుతుంది. పేరు దొరక్కపోతే పాత సర్వర్‌లోని నంబరునే వేసేస్తుంది, ఆ నంబరు ఇక్కడ ఇంకెవరిదో అయి ఉండొచ్చు.

డేటాబేస్ గురించి ఇక్కడే చెప్పేస్తాను. మైఎస్‌క్యూఎల్ నడుస్తుండగా దాని డేటా ఫోల్డర్‌ని ఆర్‌సింక్‌తో కాపీ చేయకండి. కాపీ అయినట్టే ఉంటుంది, అక్కడ స్టార్ట్ చేస్తే లేవకపోవచ్చు. మైఎస్‌క్యూఎల్‌డంప్‌కి సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ పెట్టి డంప్ (డేటాబేస్ మొత్తం రాసిన ఒక ఫైల్) తీయండి (ఇన్నోడీబీ టేబుళ్లకి ఇది పనికొస్తుంది), ఆ డంప్ ఫైల్‌ని మిగతా ఫైళ్లతో పాటు పంపండి.

## 3. ఎటు నుంచి నడపాలి

పాత సర్వర్‌లో కూర్చుని తోయొచ్చు, కొత్త సర్వర్‌లో కూర్చుని లాగొచ్చు. నేను లాగమనే చెబుతాను.

ఓనర్లు, పర్మిషన్లు సరిగ్గా పడాలంటే ఫైళ్లు రాసే వైపు రూట్ (సర్వర్ మీద పూర్తి అధికారం ఉన్న యూజర్) హక్కు ఉండాలి. కొత్త సర్వర్‌లోనే ఉండి లాగితే కమాండ్ ముందు సుడో (రూట్ హక్కుతో నడపమనే మాట) పెడితే సరిపోతుంది, రూట్‌కి బయటి నుంచి లాగిన్ తెరవక్కర్లేదు. ఇంకొకటి, పాత సర్వర్‌లో ఏళ్ల తరబడి ఎవరెవరో చేతులు పెట్టి ఉంటారు. కొత్త ఇంటి తాళం చెవి అక్కడ పెట్టడం ఎందుకు?

## 4. కీ: ఎక్కువమంది ఆగిపోయే చోటు

కీ అంటే రెండు ఫైళ్లు: మన దగ్గర దాచుకునే ప్రైవేట్ కీ, అవతలి సర్వర్‌లో పెట్టే పబ్లిక్ కీ. మీ లాప్‌టాప్‌లోని ప్రైవేట్ కీని సర్వర్‌కి కాపీ చేయకండి. పని తొందరలో చాలామంది చేస్తారు, తర్వాత తీయడం మర్చిపోతారు. ఆ కీతో తెరుచుకునే సర్వర్లన్నీ ఆ మెషీన్‌కి రాసిచ్చినట్టే.

ఏజెంట్ ఫార్వర్డింగ్ ఇంకో దారి (ఎస్‌ఎస్‌హెచ్, హైఫన్ పెద్ద ఏ). అంటే కీ లాప్‌టాప్‌లోనే ఉంటుంది, ఏజెంట్ అనే ప్రోగ్రామ్ ద్వారా సర్వర్ నుంచి దాన్ని వాడుకుంటాం. చిన్న పనికి బాగుంటుంది. పెద్ద పనికి రెండు చిక్కులు. మీరు కనెక్ట్ అయి ఉన్నంతసేపు ఆ సర్వర్‌లో రూట్ ఉన్నవాడు ఎవడైనా మీ ఏజెంట్‌ని వాడుకోగలడు. రెండోది, మీ ఇంట్లో నెట్ పోతే ఏజెంట్ కూడా పోతుంది. అప్పటికే మొదలైన కాపీ నడుస్తుంది గానీ అది ఆగితే మళ్లీ మొదలుపెట్టడానికి కీ ఉండదు. దానికితోడు కమాండ్ ముందు సుడో పెడితే ఏజెంట్ అడ్రస్ మామూలుగా అక్కడే రాలిపోతుంది.

అందుకే ఈ పనికి మాత్రమే ఒక కీ చేసి, పని అయ్యాక పారేయడం మంచిది. ఇలా చేయండి.

ఒకటి, కొత్త సర్వర్‌లో సుడో పెట్టి ఎస్‌ఎస్‌హెచ్ కీజెన్ (మధ్యలో హైఫన్) కొట్టండి, రకం ఈడీ25519, ఫైల్ రూట్ హోమ్‌లోని డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో షిఫ్ట్ కీ అనే పేరుతో (కీబోర్డు మీది షిఫ్ట్ కాదు, ఫైల్‌కి మనం పెట్టే పేరు; మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి). పాస్‌ఫ్రేజ్ ఖాళీగా వదలొచ్చు, ఎందుకంటే కింద దీన్ని గట్టిగా కట్టేస్తున్నాం.

రెండు, డాట్ పబ్ అని చివర ఉన్న ఫైల్‌లోని ఒకే ఒక్క లైన్‌ని పాత సర్వర్‌లో మీ యూజర్ ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌లో చివర అతికించండి. లైన్ రెండు ముక్కలైతే పని చేయదు. మొబైల్ నుంచి కాపీ చేసేవాళ్లకి ఇది తరచూ జరుగుతుంది.

మూడు, ఆ లైన్ మొదట్లో ఫ్రమ్ ఈక్వల్స్, కోట్స్‌లో కొత్త సర్వర్ ఐపీ, కామా, రెస్ట్రిక్ట్ అని చేర్చి, ఒక స్పేస్ వదిలి కీ మొదలవ్వాలి. ఇక ఆ కీ ఎవరి చేతిలో పడినా ఇంకో ఐపీ నుంచి పని చేయదు, పోర్ట్ ఫార్వర్డింగ్ లాంటివీ కుదరవు.

నాలుగు, పర్మిషన్లు. డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌కి 600. ఇవి వదులుగా ఉంటే సర్వర్ కీని చూడనట్టే ఊరుకుంటుంది, మీకు మాత్రం పర్మిషన్ డినైడ్ అని తప్ప ఇంకేం చెప్పదు.

ఐదు, కొత్త సర్వర్ నుంచి సుడోతోనే ఒకసారి చేత్తో లాగిన్ అవ్వండి, ఎస్‌ఎస్‌హెచ్ హైఫన్ ఐ పెట్టి ఆ కీ చూపించి. రెస్ట్రిక్ట్ పెట్టాం కాబట్టి మామూలు ప్రాంప్ట్ కనబడకపోవచ్చు, చివర హోస్ట్‌నేమ్ అనే కమాండ్ తగిలించండి, పాత సర్వర్ పేరు వస్తే చాలు. మొదటిసారి ఫింగర్‌ప్రింట్ (సర్వర్‌ని గుర్తుపట్టే అక్షరాల వరస) చూపించి ఎస్ ఆర్ నో అడుగుతుంది. గుడ్డిగా ఎస్ కొట్టకుండా పాత సర్వర్‌లోని ఫింగర్‌ప్రింట్‌తో పోల్చి చూడండి.

సుడోతోనే అని ఎందుకన్నానంటే, సుడోతో నడిపిన ఎస్‌ఎస్‌హెచ్ రూట్ ఫోల్డర్‌లోనే కీలు వెతుకుతుంది, తెలిసిన సర్వర్ల లిస్టూ రూట్‌దే చూస్తుంది. మామూలు యూజర్‌గా లాగిన్ బాగా అవుతోంది, ఆర్‌సింక్ మాత్రం పాస్‌వర్డ్ అడుగుతోంది అని వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ వాటికి జవాబు ఇదే.

## 5. టీమక్స్ తెరవకుండా మొదలుపెట్టొద్దు

కొత్త సర్వర్‌లో లాగిన్ అవ్వగానే టీమక్స్ కొట్టండి. మీ ఇంట్లో కరెంటు పోయినా, లాప్‌టాప్ మూతేసినా లోపల పని ఆగదు. బయటికి రావాలంటే కంట్రోల్ బి, తర్వాత డి. మళ్లీ చూడాలంటే లాగిన్ అయి టీమక్స్ అటాచ్. స్క్రీన్ అనే ఇలాంటి ప్రోగ్రామ్ అలవాటున్నవాళ్లు అదే వాడుకోండి, ఈ పనికి తేడా లేదు.

## 6. కమాండ్, దానికంటే ముఖ్యంగా ఆ స్లాష్

కొత్త సర్వర్‌లో కొట్టాల్సింది ఈ వరసలో:

• సుడో ఆర్‌సింక్

• హైఫన్, చిన్న ఏ, పెద్ద హెచ్

• రెండు హైఫన్లు, పార్షియల్

• రెండు హైఫన్లు, ఇన్ఫో ఈక్వల్స్ ప్రోగ్రెస్2

• హైఫన్ చిన్న ఈ, తర్వాత కోట్స్‌లో ఎస్‌ఎస్‌హెచ్ హైఫన్ ఐ, షిఫ్ట్ కీ పూర్తి పాత్

• పాత సర్వర్ యూజర్, ఎట్, ఐపీ, కోలన్, /ఎస్‌ఆర్‌వీ/ఫోటోస్/

• స్పేస్, ఇక్కడి ఫోల్డర్ /ఎస్‌ఆర్‌వీ/ఫోటోస్/

చిన్న ఏ అంటే సబ్ ఫోల్డర్లు, సిమ్‌లింకులు, పర్మిషన్లు, టైమ్‌లు, ఓనర్లు అన్నీ. కానీ అన్నీ అంటే అన్నీ కాదు. హార్డ్ లింకులు (ఒకే ఫైల్‌కి ఉండే ఇంకో పేర్లు) అందులో రావు, అందుకే పెద్ద హెచ్ విడిగా పెట్టాం. ఏసీఎల్‌లు (అదనపు పర్మిషన్ల లిస్టులు) వాడుతుంటే పెద్ద ఏ, ఎక్స్‌టెండెడ్ అట్రిబ్యూట్లకి పెద్ద ఎక్స్ కూడా చేర్చాలి.

కంప్రెషన్ కోసం జెడ్ పెట్టమని ఎక్కడో చదివి అందరూ పెడతారు. జేపీజీలు, ఎంపీ4లు, జిప్‌లు ముందే కుదించి ఉన్నవి. వాటికి జెడ్ పెడితే ప్రాసెసర్ కాలడం తప్ప ఒరిగేదేం లేదు. టెక్స్ట్ లాగ్ ఫైళ్లు, ఎస్‌క్యూఎల్ డంపులు పంపేటప్పుడు పెట్టండి.

ఇక స్లాష్. మూలం చివర స్లాష్ ఉంటే ఫోల్డర్ లోపలివి మాత్రమే వస్తాయి. స్లాష్ లేకపోతే ఫోల్డరే వస్తుంది. పై కమాండ్‌లో మూలం దగ్గర స్లాష్ మర్చిపోతే ఫోటోస్ లోపల ఇంకో ఫోటోస్ తయారవుతుంది, సైట్‌లో ఒక్క బొమ్మా కనబడదు. గమ్యం చివర స్లాష్ ఉన్నా లేకున్నా ఇక్కడ తేడా రాదు. నా అలవాటు రెండు వైపులా పెట్టడమే, ఆలోచించే పని తప్పుతుంది.

పాత సర్వర్‌లో మీ యూజర్ చదవలేని ఫైళ్లు ఉంటే ఆర్‌సింక్ పాత్ అనే ఆప్షన్‌లో సుడో ఆర్‌సింక్ అని ఇవ్వాలి. దానికి అక్కడ సుడో పాస్‌వర్డ్ అడగకుండా ఉండాలి కాబట్టి విసుడో (సుడో నియమాలు మార్చే కమాండ్) తెరిచి ఆర్‌సింక్ ఒక్కదానికి మినహాయింపు రాయండి. పాస్‌వర్డ్ లేకుండా ఆర్‌సింక్ ఇచ్చామంటే దాదాపు రూట్ ఇచ్చినట్టే, పని అయ్యాక ఆ లైన్ తీసేయాలి.

## 7. ఉత్తుత్తి పరుగు, తర్వాత అసలు పరుగు

అదే కమాండ్‌కి చిన్న ఎన్, చిన్న ఐ చేర్చి ఒకసారి కొట్టండి. ఏదీ కాపీ కాదు, ఏం చేయబోతోందో చూపిస్తుంది. ఎఫ్ పక్కన ప్లస్‌ల వరస ఉంటే కొత్త ఫైల్ రాబోతోందని అర్థం. ఫైళ్ల పేర్ల ముందు ఫోటోస్ అని అదనంగా కనబడితే స్లాష్ పోయిందన్నమాట, సరిచేయండి. తెలుగు పేర్లున్న ఫైళ్లు బ్యాక్‌స్లాష్‌లు, అంకెలుగా కనబడితే కంగారు పడొద్దు, అది తెర మీద చూపించే తీరే, పేర్లు బాగానే వెళ్తాయి. చదవగలిగేలా కావాలంటే హైఫన్ 8 పెట్టండి.

బాగుందనిపిస్తే ఎన్, ఐ తీసేసి అసలు పరుగు మొదలుపెట్టండి. శాతం 60 దాకా వచ్చి మళ్లీ 45కి పడిపోతే టెన్షన్ పడకండి. ఆర్‌సింక్ ఒక పక్క కాపీ చేస్తూనే ఇంకో పక్క ఫైళ్లు వెతుకుతుంటుంది, కొత్తవి దొరికిన కొద్దీ మొత్తం పెరుగుతుంది.

సైట్ నడుస్తున్న సర్వర్ అయితే వేగానికి కళ్లెం వేయండి, బీడబ్ల్యూలిమిట్ ఆప్షన్‌తో. అందులో ఇచ్చే అంకె కిలోబైట్లలో, బిట్లలో కాదు. 10000 అంటే సెకనుకు సుమారు 10 ఎంబీ, ఇంటర్నెట్ ప్లాన్ల భాషలో 80 ఎంబీపీఎస్.

లక్షల కొద్దీ చిన్న ఫైళ్లుంటే (స్కూళ్ల సైట్లలో స్కాన్ చేసిన మార్కుల షీట్లు ఇలాగే ఉంటాయి) మొదటి పరుగుకి టార్ (ఫైళ్లన్నిటినీ ఒకే మూటగా కట్టే కమాండ్) వాడితే వేగం. పాత సర్వర్‌లో టార్ చేసి ఎస్‌ఎస్‌హెచ్ గుండా పైప్ చేసి ఇక్కడ విప్పడం. కాకపోతే మధ్యలో తెగితే అందుకోలేదు. తెగినా, తెగకున్నా ఆ తర్వాత ఆర్‌సింక్ నడపండి, మిగిలినవి అది సరిచూసి తెస్తుంది.

## 8. రెండో పరుగు, మార్పిడి

మొదటి పరుగు నడుస్తుండగానే పాత సైట్‌లో కొత్త ఫోటోలు పడుతుంటాయి. అందుకే రెండుసార్లు. ముందు రోజే డీఎన్‌ఎస్ (సైట్ పేరుని ఐపీకి కలిపే లిస్టు) టీటీఎల్‌ని, అంటే ఆ జవాబుని ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే అంకెని, 300 సెకన్లకి తగ్గించి పెట్టుకోండి. రాత్రి జనం తక్కువున్నప్పుడు పాత సైట్‌ని మెయింటెనెన్స్‌లో పెట్టి, డంప్ తాజాగా తీసి, అదే కమాండ్ మళ్లీ కొట్టండి. మారినవి మాత్రమే వస్తాయి కాబట్టి త్వరగా అయిపోతుంది.

ఈ రెండో పరుగులో డిలీట్ ఆప్షన్ పెట్టాలి, లేకపోతే అక్కడ తీసేసిన ఫైళ్లు ఇక్కడ మిగిలిపోతాయి. ఇదే అన్నిటికంటే ప్రమాదమైన ఆప్షన్. మూలం పాత్ తప్పుగా ఇచ్చి ఖాళీ ఫోల్డర్ చూపిస్తే గమ్యంలో ఉన్నదంతా ఊడ్చేస్తుంది. పెట్టేముందు ఎన్, ఐతో చూడండి, డిలీటింగ్ అని వచ్చే లైన్లు ఒక్కొక్కటీ చదవండి. పది రావాల్సిన చోట వేలు వస్తుంటే ఆగండి.

## 9. వచ్చినవి సరైనవేనా

ఆర్‌సింక్ మామూలుగా సైజు, టైమ్ చూసి రెండూ కలిస్తే ఆ ఫైల్ ఒకటేనని వదిలేస్తుంది. లోపలి డేటా కూడా పోల్చాలంటే చిన్న సీ, చిన్న ఎన్, చిన్న ఐ కలిపి ఇంకోసారి నడపండి. రెండు వైపులా ప్రతి ఫైలూ చదువుతుంది, ఆలస్యమవుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. పొద్దున లిస్టు ఖాళీగా ఉంటే సరే.

ఆ తర్వాత డంప్‌ని కొత్త సర్వర్‌లోని మైఎస్‌క్యూఎల్‌లోకి ఎక్కించి, లాప్‌టాప్ హోస్ట్స్ ఫైల్‌లో (డీఎన్‌ఎస్ కంటే ముందు లాప్‌టాప్ చూసే పేర్ల లిస్టు) కొత్త ఐపీ పెట్టుకుని సైట్ తెరిచి చూడండి. ఒక పాత ఆల్బమ్, ఒక కొత్త ఆల్బమ్, ఒక అప్‌లోడ్. అప్‌లోడ్ ఫెయిలైతే ఓనర్ తప్పు పడి ఉండొచ్చు. అన్నీ బాగుంటే డీఎన్‌ఎస్‌లో సైట్ పేరుని కొత్త ఐపీకి మార్చండి.

## 10. ఎర్రర్ వస్తే

కోడ్ 23: కొన్ని ఫైళ్లు రాలేదు. ఎక్కువగా చదివే పర్మిషన్ లేకపోవడమే. పైకి వెళ్లి ఆ ఫైళ్ల పేర్లు చదవండి.

కోడ్ 24: కాపీ అయ్యేలోపు మూలంలో కొన్ని ఫైళ్లు మాయమయ్యాయి. నడుస్తున్న సైట్‌లో సెషన్, క్యాష్ ఫైళ్లకి ఇది మామూలే. రెండో పరుగులో పోతుంది.

కోడ్ 12: అవతలి వైపు తెగింది. అక్కడ ఆర్‌సింక్ లేకపోవచ్చు, ఇక్కడ డిస్క్ నిండి ఉండొచ్చు.

కోడ్ 255: ఎస్‌ఎస్‌హెచ్ దగ్గరే ఆగింది. టైమవుట్ అయితే ఫైర్‌వాల్, రిఫ్యూజ్డ్ అయితే పోర్టు, డినైడ్ అయితే కీ.

ప్రోటోకాల్ మిస్‌మ్యాచ్, షెల్ శుభ్రంగా ఉందా అని అడిగితే: పాత సర్వర్‌లో బాష్ ఆర్‌సీ ఫైల్‌లో ఎవరో వెల్‌కమ్ మెసేజ్ ప్రింట్ చేయిస్తున్నారు. ఆ అక్షరాలు ఆర్‌సింక్ మాటల్లో కలిసిపోతున్నాయి. ఆ లైన్ తీసేస్తే సరి. వెర్షన్ల తేడా అనుకుని ఆర్‌సింక్‌ని మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చోకండి.

## 11. పని అయ్యాక

☐ పాత సర్వర్ ఆథరైజ్డ్ కీస్ నుంచి షిఫ్ట్ కీ లైన్ తీసేయండి.

☐ కొత్త సర్వర్‌లో ఆ కీ ఫైళ్లు రెండూ డిలీట్ చేయండి.

☐ విసుడోలో రాసిన మినహాయింపు తీసేయండి.

☐ ఫైర్‌వాల్‌లో ఈ పని కోసం తెరిచింది మూసేయండి.

☐ ఎస్‌క్యూఎల్ డంప్ సైట్ ఫోల్డర్‌లో పడి ఉంటే తీసేయండి, పేరు తెలిసినవాడు బ్రౌజర్‌లోనే దించుకోగలడు.

☐ టీటీఎల్ మళ్లీ పాత అంకెకి మార్చండి.

☐ పాత సర్వర్‌ని ఆఫ్ చేసి ఒక వారం అలాగే ఉంచండి, డిలీట్ మాత్రం వద్దు. ఆఫ్ చేసినా చాలాచోట్ల డిస్కుకి, కొన్నిచోట్ల సర్వర్ మొత్తానికీ బిల్లు పడుతూనే ఉంటుంది. వారం తర్వాత డిలీట్ చేయాల్సిన తేదీ ఫోన్‌లో అలారం పెట్టుకోండి, స్నాప్‌షాట్లు (డిస్కు నకళ్లు) కూడా విడిగా తీసేయాలి.